తల అడ్డంగా ఊపిన పిచ్చుక

"ఈ వారమూ ఖాళీయే."

పెరటి గోడకు బిగించిన చెక్క గూడు అడుగుపలక తెరిచి, లోపలికి టార్చి వేసి చూస్తూ అన్నాడు రిటైరైన ఇన్‌స్పెక్టరు. ఒక్క ఈక కూడా లేదు. పక్కన పుస్తకం, పెన్ను పట్టుకుని నిలబడ్డ భార్య మెల్లగా నిట్టూర్చింది.

అది ఆయన చేసిన ఏడో గూడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనది తూనికలు, కొలతల తనిఖీ. ఊళ్ళో ఆయన తప్పు పట్టని త్రాసు లేదు. రిటైరయ్యాక తనిఖీ చేయడానికి ఇల్లొక్కటే మిగిలింది. వంటింట్లో డబ్బాలకు నంబర్లు వేశాడు. ఉప్పు చెంచాకు గీత గీశాడు. మూడో నంబరు డబ్బా ఏడో నంబరు చోట కనిపించిన రోజు భార్యను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగాడు. ఆవిడ ఇచ్చింది కూడా. ఆ నెలలోనే ఆయన పుట్టినరోజు వస్తే ఒక రంపం, సుత్తి, మేకుల పొట్లం, మొదటిసారి చెక్కపని చేసేవాళ్ళ కోసం రాసిన పుస్తకం కొని బహుమతిగా ఇచ్చింది. అందులో మొదటి పాఠమే పిచ్చుక గూడు.

మొదటి గూడు ఒక పక్కకు ఒరిగింది. రెండోదానికి తలుపు కన్నం వేసేటప్పుడు పలక చీలింది. మూడోది మాత్రం చక్కగా కుదిరింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఇతరులు చేసినవాటిలో లోపాలు వెతకడమే తప్ప, తన చేత్తో ఒక వస్తువు చేయడం జన్మలో అదే మొదలు. ఏదో ఒక ప్రాణి వచ్చి అందులో ఉండాలి. బాగుందని అది ఒప్పుకోవాలి. అంతవరకూ ఇంకే పనీ ముట్టుకోనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

మనుషులు దగ్గర తచ్చాడితే పిట్టలు రావని పుస్తకంలో ఉంది. అందుకని వారమంతా ఆయన పెరటివైపు వెళ్ళడు. ముందు వరండాలో కూర్చుని తర్వాతి గూటికి పలకలు కోస్తుంటాడు. వంటింటి కిటికీలోంచి చూసి, జరిగింది నోటుపుస్తకంలో రాసే బాధ్యత భార్యకు అప్పగించాడు. ఆదివారం మాత్రం ఇద్దరూ కలిసి తనిఖీ చేస్తారు.

"చదువు," అన్నాడు ఆయన.

"బుధవారం ఉదయం పదింటికి ఒక పిచ్చుక వాలింది. కన్నంలోంచి తొంగి చూసింది. తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది."

"ఎన్నిసార్లు ఊపింది?"

"రెండు."

"రెండా," ఆయన ముఖం పాలిపోయింది. "అయితే తప్పు లోపలెక్కడో ఉంది."

లోపలి నేల గరుకుగా ఉందేమోనని ఆవిడ అనుమానపడింది. అంతకుముందు గూటికి కన్నం అర మిల్లీమీటరు పెద్దదైందని, దాని ముందుదానికి పైకప్పు వాలు చాలలేదని కనిపెట్టిందీ ఆవిడే. ఆవిడ చెప్పిన ప్రతి లోపాన్నీ ఆయన కొత్త గూట్లో సరిచేస్తూనే ఉన్నాడు.

ఆ రోజు మాత్రం ఓపిక నశించి, వీధి చివరి వడ్రంగి మేస్త్రిని పిలుచుకొచ్చాడు. మేస్త్రి గూటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల వేలు పెట్టి తడిమాడు. మూలమట్టం ఆనించి చూశాడు.

"సార్, నా దగ్గర పదేళ్ళు పనిచేసినవాడు కూడా ఇంత నికరంగా చేయలేడు. ఇందులో తప్పేం లేదు. ఆ పిట్టలకే ఏదో అయింది."

పొగిడినందుకు ఆయన సంతోషించలేదు. కుర్చీలో కూలబడ్డాడు. తప్పు లేకపోతే ఇక దిద్దడానికేముందన్నాడు. తనకు ఈ విద్య అచ్చిరాలేదన్నాడు.

"రేపట్నుంచి రంపం అటకెక్కిస్తాను. పాపం, వంటింట్లో నువ్వొక్కదానివే ఇన్నాళ్ళూ అవస్థ పడుతున్నావు."

ఆవిడ పుస్తకం మూసి భర్త పక్కన కూర్చుంది.

"అప్పుడే చేతులెత్తేస్తారా? శుక్రవారం సంగతి చెప్పడం మరిచాను. ఆ పిచ్చుక జంటగా వచ్చింది. ఇద్దరూ లోపలికి చూసి, బయట చాలాసేపు వాదించుకున్నారు. నాకెందుకో వాళ్ళకు ఒక్క గది చాలట్లేదనిపించింది."

ఆయన తలెత్తాడు.

"రెండు గదులా?"

"మధ్యలో చిన్న తలుపుతో."

ఆయన అప్పటికే పెన్సిలు కోసం జేబు తడుముకుంటున్నాడు. పైన ఒక డాబా కూడా పెడదామా అని అడిగాడు. పెడితే ఇంకా మంచిదంది ఆవిడ. ఆవిడ గేటు దాకా వచ్చి సాగనంపుతుంటే మేస్త్రి ఆగి, ఇలాంటి ఇల్లాలు దొరకడం సార్ అదృష్టమన్నాడు. మా ఇంట్లో అయితే మూడో గూటికే పొయ్యిలో పెట్టేదమ్మా అన్నాడు.

మంగళవారానికల్లా రెండు గదుల గూడు గోడకెక్కింది. వారమంతా వరండాలో డాబాకు పిట్టగోడ తయారవుతున్న చప్పుడు. వంటింట్లో ఆవిడ పాట పాడుకుంటూ డబ్బాలు తనకు తోచిన చోట పెట్టుకుంది.

ఆదివారం తనిఖీకి ముందు ఆయన రోజూలాగే నడకకు వెళ్ళాడు. గేటు చప్పుడయ్యాక ఆవిడ చేతులు తుడుచుకుని పెరట్లోకి వెళ్ళి, గూడు అడుగుపలక తెరిచింది.

వారమంతా పిచ్చుకల జంట మోసుకొచ్చి పేర్చిన గడ్డిని, ఎప్పటిలాగే, శుభ్రంగా తీసేసింది.