బ్రౌనీకి నెల గడువు

“నెల టైమిస్తా ఉండా రెబెక్కమ్మా. కుక్క నోరన్నా మూయించు, ఇల్లన్నా ఖాళీ చెయ్యి,” అన్నాడు ఇంటి ఓనరు నరేంద్రబాబు.

మైపాడులో ఆమెకు ఇది మూడో అద్దె ఇల్లు. మొదటి రెండూ బ్రౌనీ అరుపుల వల్లే పోయాయి. ఇంక ఆ ఊళ్లో ఎవరూ ఇవ్వరు. అంగన్‌వాడీ టీచరుగా రిటైరైన మనిషికి ఆ కుక్క తప్ప వేరే తోడు లేదు. వదిలేద్దామని ఒకసారి ఆటోలో దూరంగా తీసుకెళ్లింది. దించలేక అదే ఆటోలో తిరిగొచ్చింది.

ఓనరు గడువు పెట్టేనాటికి ఆమె అప్పుడే జ్వరం నుంచి లేచింది. ఆ నీరసంతోనే నెల్లూరు వెళ్లి పశువుల డాక్టరును కలిసింది. ఆయన చేత రెండుసార్లు చెప్పించుకుంది.

“అరిచేటప్పుడు కసరొద్దమ్మా. అరుపు ఆగిన క్షణాన బిస్కెట్టు పెట్టు. రోజూ బాగా నడిపించు.”

రోజూ తెల్లవారగానే సముద్రం ఒడ్డు ఇసుకలో నడిపించింది. దారిన పోయేవాళ్లు కనబడకుండా గేటుకు పాత దుప్పటి కట్టింది.

మొదటి వారం ఏ మార్పూ లేదు. చేపలబుట్టకు, ఆటోకు, పోస్టుమాన్‌కు, అన్నిటికీ అరుపే. ఒక సాయంత్రం రెబెక్కమ్మ గడప మీద కూలబడి ఏడ్చింది.

రెండో వారం కాస్త నెమ్మదించినట్టు అనిపించింది. మూడో వారం వంటింట్లోంచి చెవి పెట్టి వినేది. ఏమీ లేదు! పరుగున వెళ్లి, గేటు వైపు తిరిగి నిలబడ్డ బ్రౌనీకి బిస్కెట్టు పెట్టేది.

“నా బంగారు తల్లీ!”

రోజుకు రెండు ప్యాకెట్లు అయిపోతున్నాయి. పక్క వాటాలో ఉండే వాణి కిటికీలోంచి చూసి మొహం తిప్పుకుంది. ఒక మంచి మాట అనడానికి మనుషులకు నోరు రాదు అనుకుంది రెబెక్కమ్మ.

గడువు రోజు నరేంద్రబాబు వచ్చాడు. ఆమె గేటు బయటికి ఎదురెళ్లింది.

“చూసినావా బాబూ, మాన్పించేసినా! ఇంక నన్ను పొమ్మనవు గదా?”

అతను ఏదో అన్నాడు.

“అంత మెల్లగా చెప్తే ఎట్టా బాబూ?”

అతను దుప్పటి వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. కోపంగా వచ్చినవాడి మొహంలో కోపం లేదు. జేబులోంచి పెన్ను తీసి, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆమె కళ్ల ముందు పెట్టాడు:

“అది ఇప్పుడు గూడా మొరగతానే ఉందమ్మా, నీకే వినపడ్డంలా.”