రంగు మారని వెలుగు

ప్రొఫెసర్ వేళ్లు నాక్కున్నాడు. కేకు మీది క్రీము. అవే వేళ్లతో బంగారు పూత పలకను తీసి యంత్రంలో పెట్టాడు.

పక్కనే ఉన్న ఆమె మొహం చిట్లించింది. ఆ ఎలక్ట్రాన్ యంత్రాన్ని నడిపేది ఆమే. చేతికి తొడుగు లేకుండా ఏనాడూ పలకను ముట్టుకోలేదు. దాని మీద కంటికి ఆనని సన్నని గీతలుంటాయి. వాటిని ఒరుసుకుంటూ ఎలక్ట్రాన్లు దూసుకుపోతే వెలుగు పుడుతుంది. ఆ వెలుగును పుట్టించేశానని ప్రొఫెసర్ ఊరంతా చాటుకున్నాడు. వచ్చిన వెలుగు గీతలది కాదని ఆమెకు తెలుసు.

"పరిశీలకులు వచ్చేస్తున్నారు. కనీసం పలక తుడవనివ్వండి," అంది.

"తుడిస్తే ఇంకేం కనిపిస్తుంది?" ప్రొఫెసర్ నవ్వాడు. పళ్ల సందున కేకు ముక్క. "నోరు మూసుకుని నీ పని చూసుకో. ఎలక్ట్రాన్ల వేగం మార్చే మీట జోలికి మాత్రం పోకు."

"ఇది మోసం కదండీ."

"ఇన్నేళ్లూ నా పేరు చెప్పుకునే కదా తలెత్తుకు తిరిగావు? అది పోతే నీకేం మిగులుతుంది?"

ఆ మాట అబద్ధం కాదు. అందుకే ఆమెకు మరింత రోత పుట్టింది.

కొత్త ప్రయోగశాల కట్టించాలా వద్దా అని తేల్చే పరిశీలకులు వచ్చారు. గదిలో దీపాలు ఆర్పారు. యంత్రం కిటికీలో లేత నీలి వెలుగు మెరిసింది. ఎవరో మెచ్చుకోలుగా గొంతు సవరించుకున్నారు.

"అంతా ఈవిడ హస్తవాసి," అంటూ ప్రొఫెసర్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. గొంగళిపురుగు పాకినట్టయింది. విదిలించుకుంది.

"వేగం తగ్గించి చూపిస్తారా?" అడిగింది నెరిసిన జుట్టు పరిశీలకురాలు.

"ఇవాళ కుదరదండి. యంత్రం వేడెక్కింది," అన్నాడు ప్రొఫెసర్.

ఆమె మీట తిప్పింది.

వేగం తగ్గితే గీతల వెలుగు ఎరుపు వైపు జరగాలి. మీట సగానికి వచ్చింది. నీలం నీలంగానే ఉంది. ఇంకా తిప్పింది. వెలుగు కాస్త మసకబారింది తప్ప రంగు మారలేదు.

"ఇది గీతల వెలుగు కాదండి," అంది ఆమె. "వేళ్ల జిడ్డు. ఎలక్ట్రాన్లు తగిలి అదే మెరుస్తోంది. ఇన్నాళ్లూ చూపించింది ఇదే."

ఎవరో దీపాలు వేశారు. ప్రొఫెసర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

సాయంత్రానికల్లా ఆయన్ని పదవి నుంచి తప్పించారు. ప్రయోగశాల తాళాలు తీసేసుకున్నారు. పరిశీలకురాలు వెళ్తూ వెళ్తూ ఆమె దగ్గర ఆగింది.

"భయం వెయ్యలేదా అమ్మా?"

"వేసిందండి. కానీ అసహ్యం దాన్ని మించిపోయింది."

ఆమె సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని బయటికి వచ్చింది. ప్రొఫెసర్ కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "నువ్వే నడుపు, మన పిల్లలకి ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకుంటాను," అన్నాడు.