రెండుసార్లు హారన్

వెల్డా రెండుసార్లు హారన్ కొట్టింది.

ఎవరూ రాలేదు.

పంపు మీద చక్రాల కుర్చీ బొమ్మ అంటించి ఉంది. దాని కింద 'సాయం కావలసినవారు రెండుసార్లు హారన్ కొట్టండి' అని రాసి ఉంది. ఆ రాతను నమ్ముకునే ఏళ్లుగా ఆమె, ఎవరి పెట్రోలు వాళ్లే పోసుకునే ఈ బంకుకి వస్తోంది.

మళ్లీ రెండుసార్లు కొట్టింది.

పక్క పంపు దగ్గర ట్రక్కులో పెట్రోలు పోసుకుంటున్నవాడు చిరాగ్గా తల తిప్పాడు.

"ఏంటమ్మా ఆ గోల? దిగి పోసుకోరాదూ?"

"దిగగలిగితే నీతో చెప్పించుకుంటానా?"

వాడికి ఆమె మొహమే కనిపిస్తోంది గానీ కాళ్లు కనిపించవు. ఏదో గొణుక్కుంటూ ట్రక్కెక్కి వెళ్లిపోయాడు.

బ్రేకుతో సహా కారంతా వెల్డా చేతులతోనే నడుపుతుంది. చక్రాల కుర్చీ వెనక సీట్లో మడిచి ఉంది. దాన్ని ముందుకు లాగి, విప్పి, ఈ కరిగిన మంచు బురదలోకి దిగినా లాభం లేదు. పంపు మీద కార్డు పెట్టే చోటు కుర్చీలోంచి ఆమె చేతికి అందదు.

పెట్రోలు ముల్లు అడుక్కి పడిపోయింది. ఆస్పత్రిలో ఫోన్ల దగ్గర ఆమె డ్యూటీ ఆరింటికి. ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటానని సూపర్‌వైజర్ మొహం మీదే చెప్పేసింది.

అక్క డార్లాకి ఫోన్ చేస్తే వస్తుంది. వచ్చి పెట్రోలు పోసి, పాత పాటే ఎత్తుకుంటుంది.

"పెట్రోలు కూడా పోసుకోలేనిదానివి, నీకు కారెందుకే? అమ్మి పారెయ్. ఎక్కడికి కావాలన్నా నేను దింపుతాగా!"

చర్చికి దింపుతుంది. డాక్టరు దగ్గరికి దింపుతుంది. ఉద్యోగానికి మాత్రం దింపదు. అది వెల్డాకి బాగా తెలుసు.

"పెట్రోలు పోసే ముసలాడు ఇవాళ కూడా తిండి దగ్గరే ఉన్నట్టున్నాడు" అని పళ్లు నూరింది.

అతనెప్పుడూ అంతే. హారన్ కొట్టిన ఎంతసేపటికో గానీ రాడు. ఆమె బంకు దుకాణం తలుపు వైపు చూస్తూ కూర్చుంటే, వెనకెక్కడినుంచో వచ్చి అద్దం మీద తడతాడు. కాళ్లకి ఇంట్లో తిరిగే మెత్తటి చెప్పులు. ఒకసారి సగం గడ్డం మీద సబ్బు నురగ. ఇంకోసారి భోజనానికి మెడలో కట్టుకున్న నాప్కిన్ అలాగే వేలాడుతోంది. బంకులో పనిచేసేవాళ్లందరూ వేసుకునే ఎర్ర చొక్కా అతని ఒంటి మీద ఒక్కనాడూ చూడలేదు.

పోయిన వారం కార్డు తిరిగి ఇస్తే దాని మీద గ్రేవీ మరక.

"ఏమనుకోకమ్మాయ్, ఇవాళ గ్రేవీ కాస్త ఎక్కువ పోసుకున్నా" అని నవ్వాడు.

"నీకు జీతమిచ్చేది కూర్చుని తినడానికా?" అంది వెల్డా.

ముసలాడు దానికీ నవ్వేశాడు. ట్యాంకు మూత బిగించి, ముందు అద్దం మీద పేరుకున్న మంచుని చొక్కా చేతితో తుడిచి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే ఆమె బంకు కంపెనీకి ఫోన్ చేసింది. చెప్పులూ, నాప్కినూ, గ్రేవీ, ఏదీ వదలకుండా చెప్పింది.

దాని ఫలితం ఇదేనా? అసలు రావడమే మానేశాడా?

పంపు మీదున్న దుకాణం నంబరుకి ఫోన్ చేసింది. అవతల కౌంటర్లో అమ్మాయి ఎత్తింది.

"మీరు కనిపిస్తూనే ఉన్నారు మేడమ్. నేనొక్కదాన్నే ఉన్నా. కౌంటరు వదిలి రాకూడదు. ఒక్కరే ఉంటే రానక్కర్లేదని రూలు కూడా ఉంది."

"రూలు నాకూ తెలుసు గానీ, నువ్వెందుకు, ఆ ముసలాయన్ని పంపు."

"ఏ ముసలాయన?"

"మీ ముసలాయనే! ఇంటి చెప్పులేసుకుని షికారుకొచ్చినట్టు వస్తాడే."



"కంప్లైంట్ ఇచ్చింది మీరేనా మేడమ్?"

"నేనే. అయితే?" వెల్డా గొంతు కాస్త తగ్గింది. "ఉద్యోగంలోంచి తీసేశారా ఏంటి? గట్టిగా మందలించమన్నానంతే. తీసెయ్యమనలేదు."

"తీసెయ్యడానికి ఆయన మా దగ్గర పనిచేస్తేగా!"

"పనిచెయ్యడా?" అంది వెల్డా.

"మీరు ఫోన్ చేశాక పైవాళ్లు మా మేనేజర్ని వాయించేశారు. బయటివాళ్లు పంపు ముట్టుకుంటే ఇన్సూరెన్సు ఒప్పుకోదట. ఇంకోసారి ఇటు అడుగు పెడితే పోలీసుల్ని పిలుస్తానని మేనేజర్ ఆయనకి చెప్పేశాడు."

"మరి ఎవరాయన? ఇన్నాళ్లూ నా కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను..."

"జనం ఆగున్నారు మేడమ్, ఉంటాను."

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

వెల్డా డార్లా నంబరు తీసింది. దాని వంక చూస్తూ కూర్చుంది. నొక్కడానికి వేలు రాలేదు.

కోపమో, ఏడుపో తెలియకుండానే మరో రెండుసార్లు హారన్ కొట్టింది.

అప్పుడు మొదటిసారిగా, దుకాణం వైపు కాకుండా వెనక అద్దంలోకి చూసింది.

రోడ్డుకి అవతల పసుప్పచ్చ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. తన ఇంట్లో తను భోజనం చేస్తూ హారన్ విని లేచి వచ్చిన ముసలాయన, మెడలో నాప్కిన్‌తో, ఇంటి చెప్పులతో, ఇటు దాటకూడదని గుర్తొచ్చి రోడ్డంచున ఆగిపోయి ఉన్నాడు.