రెండు జెండాల పొత్తు

“ఇద్దరూ ఒకే మాట ఎలా మాట్లాడారు?” ఉదయ్‌కుమార్ మళ్లీ అడిగాడు.

దాసు బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. చోడవరంలో ఎర్రజెండా మోస్తూనే తల నెరిసిన మనిషి. ఆయన మీద ఫిర్యాదు రావడంతో పార్టీ ఉదయ్‌కుమార్‌ను విశాఖపట్నం నుంచి విచారణకు పంపింది.

“గల్ఫ్ యుద్ధానికి పోయే అమెరికా విమానాలకి మన దేశంలో చమురు పోయకూడదని మొన్న బస్టాండు దగ్గర మీరన్నారు. మర్నాడు అక్కడే కాషాయం పార్టీ గణపతిరావూ అదే అన్నాడు.”

“మనం సామ్రాజ్యవాదం అంటన్నాం. ఆడు తెల్లోడి పెత్తనం అంటన్నాడు. దారులు వేరు కామ్రేడ్. ఎల్లి ఒక్కకాడ తేలేయి.”

“వాళ్ల పైనాయకులే అంత గట్టిగా అనట్లేదు. ఈ ఊళ్లో గణపతిరావుకే ఎందుకంత పట్టింది?”

“ఆణ్ణే అడగండి.”

“చెరకు రైతుల సంఘం ఎన్నికలు దగ్గరపడ్డాయి. లోపాయికారీగా ఏదైనా కుదిరిందా?”

దాసు ముఖం గట్టిపడింది. “ఆడితో నాకు మాటల్లేవు. ఊళ్లో ఎవుర్నయినా అడగండి.”

ఉదయ్‌కుమార్ అడిగాడు. టీకొట్టు సన్యాసమ్మ గ్లాసు కడుగుతూ, “ఆలిద్దరికీ పడదు బాబూ. మునుపు జెండాల గొడవ. తరవాత...” అని ఆగిపోయింది. ఎంత గుచ్చి అడిగినా ఇంక నోరు విప్పలేదు. అతని అనుమానం బలపడింది.

మర్నాడు పొద్దున్న పేపరు కోసం బయల్దేరితే సందులో దాసు కనిపించాడు. అటూ ఇటూ చూసి, గణపతిరావు ఇంటి పెరటి తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు. ఉదయ్‌కుమార్ కాసేపాగి వెనకే నడిచాడు.

పెరట్లో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఎదురుగా రేడియో.

“మాటల్లేవన్నారు కదా దాసు గారూ.”

దాసు తల తిప్పకుండానే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. కువైట్ మీద రాత్రి కూడా బాంబులు పడ్డాయని వార్తల్లో చెబుతున్నారు. ఎంతమంది పోయారో ఇంకా తెలియలేదట. గణపతిరావు రేడియో కట్టేశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

“పార్టీకి ఏమని చెప్పమంటారు?” ఉదయ్‌కుమార్ గొంతు పెంచాడు. “వీళ్లతో పొత్తు కుదిరిందనా?”

“నా పేరు తీసీమని సెప్పండి” అన్నాడు దాసు.

“నాది నిన్ననే తీసేసేరు” అన్నాడు గణపతిరావు నేలకేసి చూస్తూ.

పదవికోసమే అయితే పార్టీ పోయినా వీళ్లకు పట్టనట్టుందేమిటి?

ఆ కేకలకు గణపతిరావు భార్య అప్పలనరసమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. నిద్రలేక కళ్లు ఉబ్బి ఉన్నాయి. మొగుడి వైపు, దాసు వైపు చూసి, ఇద్దరూ చెప్పరని తేలిపోయాక తనే నోరు విప్పింది.

“మా గుంటడూ దాసుగారి కూతురూ కాపరం ఉంటన్నది ఆ కువైట్లోనే బాబూ.”