టీవీ కింద పెట్టె

"ఇది పెద్ద హార్డ్ డిస్క్ అమ్మా. నెల రోజుల బొమ్మ దాస్తుంది," అన్నాడు జగదీశ్వరరావు.

కాశీబుగ్గలో సీసీ కెమెరాలు అమ్మే కొట్టు అప్పటికి అతనిదొక్కటే.

"నెల్లాళ్లు సూడ్డానికి సినిమాయేటి బాబూ?" అంది దోర్కాస్. "నా కంచె తగలబెట్టిత్తన్నది వైకుంఠరావేనని ఊరంతా తెలుసు. సాచ్చికమే నేదు. అది దొరికితే సాలు."

ఉద్దానంలో సముద్రానికి పోయే దారి పక్కన ఆమెకో జీడితోట, తోటలో ఇల్లు. భర్త పోయాక ఒంటరిగా ఉంటోంది. ఆ దారి పొడుగునా తోటలన్నీ వైకుంఠరావు పేరుకు మారిపోయాయి. మిగిలింది ఈమెదే.

"అయితే ఈ రూటర్ కూడా తీసుకోండి. ఇంటర్నెట్లో విశాఖపట్నం నుంచైనా చూడొచ్చు."

"ముందు ఫోను తీగే తెంపుతారు అప్పా."

మాట వెనకనుంచి వచ్చింది. సెల్ ఛార్జరు కోసం వచ్చిన మనిషి. మెడలో తువ్వాలు, కనుబొమ్మ మీద పాత గాటు.

"తరవాత ఫ్యూజు పీకుతారు. ఆ పైన టీవీ కింద పెట్టె పగలగొడతారు. బొమ్మలన్నీ ఆ పెట్టెలోనే గదా."

జగదీశ్వరరావు మొహం మాడ్చుకున్నాడు. "ఛార్జరుకొచ్చావా, నా బేరం చెడగొట్టడానికొచ్చావా బావా?"

దోర్కాస్ ఇటు తిరిగింది. "అయితే ఏటి సెయ్యమంటావు?"

"సిన్న డిస్కు సాలు. రూటరు ఒగ్గీ. యూపీఎస్ తీసుకో, కేబులు పొడుగ్గా తీసుకో. అసలు పెట్టె ఇంకోలింట్లో పెట్టు. కెమెరాలకి కరెంటూ ఆ ఇంటినుంచే లాగు. తీగ మట్టిలో కప్పీ."

"మరి నా టీవీ కింద?"

అతను మూలకు చూపించాడు. రిపేరుకు లొంగని పాత రికార్డరు ఒకటి దుమ్ము కొట్టుకుని ఉంది.

"అది పెట్టు. పెట్టె దొరికిందనుకుంటే కెమెరాల జోలికి ఎవులూ పోరు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నీకిందులో కమీసనేటి?"

అతను నవ్వాడు. "నేదప్పా. ఇంత తంటా ఎందుకు? తోట అమ్మీసినట్టు ఆ కాయితం మీద సంతకం పెట్టీసి పోరాదా?"

"వైకుంఠరావు కాదు, ఆడి బాబు లేసొచ్చినా పెట్టను!"

అతని నవ్వు ఆగిపోయింది.

"మా అమ్మ పెట్టీసింది."

"అప్పుడు నువ్వేటి సేసావు?"

"ఏటీ సెయ్యనేదు."

"నీలాటి కొడుకుంటే ఏ అమ్మయినా సంతకమే పెడతాది."

అతను ఛార్జరు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

తిట్టిందే గానీ, దోర్కాస్ అతను చెప్పినవే కొంది. దుమ్ము పట్టిన పెట్టెతో సహా.

కెమెరాలు ఇంటి చూరుకీ, లోపల టీవీ గదిలో దూలానికీ ఎక్కాయి. అసలు పెట్టె వెనకింటి సన్యాసమ్మ గదిలో, జీడిపిక్కల బస్తాల చాటుకు చేరింది.

"ఓలమ్మ! ఇదేటి, గుడ్లు పెడతాదా?" అంది సన్యాసమ్మ.

"పెడితే నీకే మొదటిది," అంది దోర్కాస్.

ఆదివారం ఆమె చర్చి నుంచి తిరిగి వచ్చేసరికి కాపు మీదున్న జీడిచెట్లు నేలన పడి ఉన్నాయి. తలుపు విరిగింది. ఫోను తీగ వేలాడుతోంది. ఫ్యూజు లేదు. టీవీ కింద పెట్టె ముక్కలైంది.

కెమెరాల మీద మాత్రం చెయ్యి పడలేదు.

దారిలో జీపు ఆగింది. వైకుంఠరావు తల బయటపెట్టాడు.

"ఏటమ్మా దోర్కాసూ, ఇప్పుడు సాచ్చికం ఎవులు సెప్తారు?"

"నా ఇంటి సూరు సెప్తాది. నువ్వు పారిపోకుండా ఇంటికాడుండు, సాలు."

జీపులో నవ్వులు వినిపించాయి.

ఆమె బట్టలైనా మార్చుకోలేదు. బస్తాల చాటునున్న పెట్టెను సంకనెట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఎస్సై బల్ల మీద పెట్టింది.

"సూడకుండానే సెప్తన్నాను బాబూ. ఇందులో కనబడినోల్లందర్నీ లోపలెయ్యండి. ఒక్కడ్నీ ఒగ్గొద్దు. సంతకం ఎక్కడెట్టాలి?"

ఫిర్యాదు మీద బలంగా నొక్కి పెట్టింది. ఎస్సై దాన్ని సొరుగులో వేసుకుని తెర వెలిగించాడు.

అందరి మొహాలకూ తువ్వాళ్లే. చెట్లు పడుతున్నాయి. ఒక్క మొహమైనా ఆనవాలు దొరకడం లేదు. దోర్కాస్ కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

ఒకడు తలుపు తన్ని లోపలికొచ్చాడు. ఎక్కడా వెతకలేదు. నేరుగా టీవీ దగ్గరికి పోయి పెట్టె తీసి నేలకు కొట్టాడు. గుమ్మంలోకి తిరిగి, రమ్మని చెయ్యి ఊపాడు.

అంతవరకూ జీపు దిగని వైకుంఠరావు ఇంట్లోకి వచ్చాడు. సరిగ్గా కెమెరా కిందే నిలబడ్డాడు. ముక్కల్ని కాలితో తోసి నవ్వాడు.

"దొరికాడు!" అన్నాడు ఎస్సై.

"దొరక్కేం సేత్తాడు!" దోర్కాస్ బల్ల మీద చరిచింది.

తెర మీద వైకుంఠరావు బయటికి నడిచాడు. పెట్టె పగలగొట్టినవాడు మాత్రం ఆగాడు. మొహానికున్న తువ్వాలు విప్పాడు. తల ఎత్తి కెమెరాలోకి చూశాడు.

కనుబొమ్మ మీద పాత గాటు.

"వైకుంఠరావు కుడిభుజం వీడే. మొదట వీణ్ణే ఎత్తుతాం," అన్నాడు ఎస్సై. "ఎప్పుడైనా చూశారా అమ్మా?"

దోర్కాస్ చెయ్యి, సంతకం పెట్టిన కాగితం కోసం సొరుగు వైపు చాచి, అక్కడే ఆగిపోయింది.

ఆ పెట్టె ఉత్తదని తెలిసే పగలగొట్టినవాడు ఆ గుంపులో అతనొక్కడే.