హీరోయిన్ కేక

"పిన్నిగారూ, ఆ ఒక్క కేక మీరు మళ్లీ పెడితే చాలండి," అన్నాడు అభిమాని, సోఫా అంచున కూర్చుని.

అతను చెబుతున్నది అల్లాటప్పా సినిమా గురించి కాదు. వేరే గ్రహం నుంచి దిగిన దెయ్యం చాలీచాలని బట్టలతో సగం సినిమా స్నానంలోనే గడిపేస్తుంది. చూసేవాడు భయపడాలో, సిగ్గుపడాలో, సైన్సు నేర్చుకోవాలో తేల్చుకోలేడు. అయినా ముప్ఫై ఐదేళ్లుగా దాన్ని నెత్తిన పెట్టుకున్నవాళ్లున్నారు. వాళ్లు ప్రాణం పెట్టేది చివర్లో హీరోయిన్ పెట్టే కేకకి.

మూలపడ్డ ప్రింటును అభిమానులే బాగుచేయించారు. బొమ్మంతా దక్కింది. ఖర్మకొద్దీ కేక దగ్గరే శబ్దం పోయింది. ఎల్లుండే ఆట. అందుకే హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పిన ఆవిడని వెతుక్కుంటూ వచ్చాడు.

ఆవిడ ఇబ్బందిగా భర్త వైపు చూసింది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. పేపరు వెనక నుంచి మొహం బయటపెట్టలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. పెద్దాయనకి ఇలాంటి సినిమాలు గిట్టవు కాబోలనుకుని అభిమాని గొంతు తగ్గించాడు.

"ఈ వయసులో కేకలేమిటి బాబూ," అందావిడ.

"అది లేకపోతే ఆ సినిమాయే లేదండీ. కాలేజీలో ఉండగా విన్నాను. ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఇంకెవరి గొంతు పెట్టినా మావాళ్లు ఇట్టే పట్టేస్తారు."

పేపరు కాస్త కిందికి దిగింది.

"పాపం, అంత దూరం నుంచి వచ్చాడు," అన్నారు మాస్టారు.

ఆవిడ ఒప్పుకుంది. అయితే షరతులు మాత్రం పాతవే. గదిలో లైట్లు ఆర్పేయాలి, కిటికీకి తెర వేయాలి, తోడుగా ఆయన తప్ప పురుగు కూడా లోపలుండకూడదు. ఆ రోజుల్లోనూ అంతేనట. నలుగురి ముందు అరవాలంటే మొహమాటం మరి.

మర్నాడు స్టూడియోలో దంపతులిద్దరూ లోపలికెళ్లి తలుపేసుకున్నారు. బయట అభిమాని హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కనబడ్డ దేవుళ్లందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాడు.

కేక వచ్చింది. సన్నగా మొదలై, వణికి, మధ్యలో చిన్నగా విరిగి, మళ్లీ లేచింది. అదే కేక. సౌండ్ ఇంజనీరు చేతిలో టీ ఒలికింది. అభిమాని సంతోషం పట్టలేక ఏడ్చేశాడు.

లోపల చీకట్లో ఆవిడ ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి నీళ్లు గ్లాసులోకి వంచి, "మీ కేక ఇంకా చెక్కుచెదరలేదండీ, గొంతు పట్టేయకుండా ఇది తాగండి," అని గుసగుసగా చెప్పి మాస్టారి చేతికిచ్చింది.