ఆనకట్ట కేకు

కత్తి వేరా చేతిలో పెట్టి డాఫ్నీ పక్కకు జరిగింది.

"కానివ్వు తల్లీ. సరిగ్గా గోడ మధ్యలో కొయ్యి. పాకం దానంతటదే దూకుతుంది."

బల్ల మీద ఉన్నది కేకు కాదు, చిన్నపాటి జర్మనీ. బాదం ముద్దతో కట్టిన బూడిదరంగు ఆనకట్ట. దాని వెనక నిండా నీలం పాకం. ముందు పచ్చటి క్రీము లోయ, అందులో సన్నటి ఏరు, తెల్లటి పంచదార ఇళ్ళు, ఒక చర్చి, ఇంతింత ఆవులు కూడా. గోడ కోయగానే పాకం దూకి ఇళ్ళను ముంచేస్తుంది. హాలంతా చప్పట్లు కొడుతుంది. ఆ తర్వాత మునిగిన ఇళ్ళనే తలా ఒకటి పళ్ళెంలో వేసుకుని చప్పరిస్తారు. ఇంగ్లండులో, లింకన్‌షైర్‌లోని ఆ ఊళ్ళో ఏటా మే నెలలో జరిగే తంతు ఇది. నలభయ్యేళ్ళ క్రితం యుద్ధంలో జర్మనీలోని అసలు ఆనకట్టను బద్దలుకొట్టిన బాంబరు విమానాలు లేచింది ఊరి పక్క మైదానం నుంచే మరి.

వేరా కత్తి దించి పట్టుకుంది.

ఇన్నేళ్ళలో ఈ రోజున ఆమె ఈ హాలు గడప తొక్కలేదు. స్టాన్ పేరు చదివి, రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం అంటే నమ్మి వచ్చింది. ఆ మౌనం కాస్తా నిమిషం కూడా సాగకుండానే ఎవరో బీరు సీసా మూత తీశారు. తీరా చూస్తే ఆనకట్ట మీద చాక్లెట్ అక్షరాలు కనిపించాయి. "స్టాన్, మన వీరుడు."

స్టాన్ ఆమె మొగుడు. మొన్న చలికాలంలో పోయాడు. ఆ రాత్రి విమానం తోకలో తుపాకీ పట్టుకుని కూర్చున్నది అతనే. తోకలో కూర్చునేవాడి మొహం ఎప్పుడూ వెనక్కే ఉంటుంది. పైలట్ దాటి వెళ్ళిపోయినదంతా వాడు చూడాల్సిందే. గోడ తెగడమూ, నీళ్ళు లోయ మీద విరుచుకుపడడమూ అందరికంటే ఎక్కువసేపు స్టాన్ చూశాడు.

ఏటా ఆ రోజు పొద్దున టీ ముందు పెట్టుకుని ఒకటే అడిగేవాడు.

"కిందున్నవాళ్ళకి పారిపోయే టైము దొరికుంటుందంటావా, వేరా?"

"దొరికే ఉంటుంది. సైరన్ మోగుంటుంది కదా. అందరూ గుట్ట ఎక్కేసుంటారు. టీ చల్లారిపోతోంది, తాగు."

అప్పుడు గాని తాగేవాడు కాదు.

ఆస్పత్రి మంచం మీద ఆమె చెయ్యి పట్టుకుని ఇంకో మాట కూడా అన్నాడు. "నా పేరు మీద ఆ కేకు కొయ్యనివ్వకు. మాటియ్యి." వేరా మాటిచ్చింది.

ఇప్పుడు కత్తి ఆమె చేతిలోనే ఉంది.

"వేరాకి గురి కుదరట్లేదల్లే ఉంది. గురి చూపించేవాణ్ణి ఎవర్నైనా పంపాలా?" అన్నాడు రాయ్ పిక్‌వెల్. హాలు గొల్లుమంది. రాయ్ బ్యాంకులో పనిచేసే మనిషి. యుద్ధం నాటికి లాగు జారకుండా పట్టుకుని తిరిగే వయసు. ఇవాళ మాత్రం తోలు కోటు వేసుకుని, మీసం అతికించుకుని, నోటితో ఇంజను చప్పుడు చేస్తూ బల్ల చుట్టూ చక్కర్లు కొడుతున్నాడు. తుంపర్లు కేకు మీద పడుతున్నాయి.

ఛీ, వీళ్ళూ మనుషులేనా అనిపించింది వేరాకి. గట్టిగా అనలేదు. ఆమె యుద్ధం అయ్యాక వచ్చిన ఈ ఊరి కోడలే గాని ఈ ఊరి పిల్ల కాదు. పక్క ఊరినుంచి వచ్చినవాళ్ళనే మూడు తరాలపాటు పరాయివాళ్ళుగా చూసే చోటు ఇది. స్టాన్ పుణ్యమా అని ఇవాళ మొదటి వరసలో కుర్చీ వేశారు. ఒక్క మాట తేడాగా అంటే రేపటినుంచి పాలవాడు కూడా పలకరించడు.

ఆమె కత్తి మొనతో చాక్లెట్ అక్షరాలు గీకేసింది. ఒక్కటి కూడా మిగల్చలేదు. తర్వాత కత్తి బల్ల మీద పెట్టింది.

"నేను కొయ్యను. మా ఆయన పేరు మీద ఎవర్నీ కొయ్యనివ్వను."

రాయ్ ఇంజను ఆగింది.

డాఫ్నీ మొహం ఎర్రబడింది. ఈ తంతు నడిపే సంఘానికి పెద్ద ఆమే, కేకు చేసిందీ ఆమే. "ఊరంతా చూస్తోంది వేరా," అంది గొంతు తగ్గించి. "అంత కష్టపడి చేస్తే ఇదా నువ్వు చేసేది? ఏం తక్కువైందో చెప్పు. ఆ లోయలో ఏమేం ఉన్నాయో అన్నీ పెట్టాను."

వేరా పచ్చటి క్రీము మీదికి వంగింది. ఏటి వంపు దగ్గర ఖాళీగా ఉన్నచోట వేలు పెట్టింది.

"అన్నీ పెట్టలేదు. ఇక్కడ చెక్క షెడ్లు ఉండాలి. వరసగా. చుట్టూ ముళ్ళ కంచె."

"నేను మ్యాపులన్నీ తిరగేశాను. అక్కడ షెడ్లూ గిడ్లూ లేవు," అన్నాడు రాయ్, మీసం సర్దుకుంటూ.

"ఉన్నాయి. జర్మన్లు పనికని పరాయి దేశాల పొలాల్లోంచి ఈడ్చుకొచ్చిన ఆడపిల్లలుండేవాళ్ళు. రాత్రయితే బయట తాళం."

డాఫ్నీ కోపం దిగిపోయింది. వేరా భుజం మీద చెయ్యి వేసింది. "పాపం స్టాన్. ఇదంతా కళ్ళారా చూసి, లోపల దాచుకున్నాడన్నమాట. నీకొక్కదానికే చెప్పుకున్నాడు కాబోలు."

వేరా ఆ చెయ్యి తీసేసింది.

"ఆయన నాకు చెప్పలేదు డాఫ్నీ, నేనే ఆయనకి చెప్పలేదు, ఆ షెడ్డు కప్పు పట్టుకుని తెల్లారేదాకా నీళ్ళలో కొట్టుకుపోయినదాన్ని నేనేనని."